వాచ్‌మన్ వాళ్ళ పాపకు తొమ్మిది నెలల సూది పడలే.. మన స్టేట్‌ల టీకాలు అసలు ఎక్కడ ఆగుతున్నయ్?

పుప్పాలగూడ పవన్
(శనివారం రాత్రి 9:52)

కోపంలో రాస్తున్న, తప్పులుంటే ఏమనుకోకుండ్రి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్ళది పాలమూరు దిక్కు, చిన్నపాపకు 14 నెలలు. ఇయాల మా పాప టీకా బుక్కు సోఫా మీద పడుంటే వాచ్‌మన్ భార్య ఇల్లు ఊడ్చుకుంట చూసి "సార్, మా పిల్లకు తొమ్మిది నెలల సూది పడలే" అన్నది, అదేదో తనే చేసిన తప్పు లెక్క. అడిగితే రెండుసార్లు పోయిందట. ఫస్ట్‌సారి "నీ ఒక్క పిల్ల కోసం సీసా తెరవం, ఇంకో నలుగురు వస్తే తెరుస్తం, వచ్చే బుధవారం రా" అన్నరట. రెండోసారి పొయ్యేసరికి లేటయింది, డబ్బా సర్దేసిండ్రట. మూడోసారి పోనే లేదు. పోవాలంటే మూడిండ్ల పని ఎగ్గొట్టాలె, ఒకింటి మేడం అయితే పూట రాకపోతే పైసలు పట్టుకుంటది (ఆ మేడం మా ఫ్లోరే, పేరు రాయను).

మా పాపకేమో హాస్పిటల్ నుంచి వారం ముందే మెసేజ్, ముందురోజు ఫోన్. గేటు లోపల పిల్లకు అన్ని పడ్డయ్, గేటు పక్క రూంలున్న పిల్లకు సగమే పడ్డయ్.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల ఏడాది నిండిన పిల్లలకు అన్ని బేసిక్ టీకాలు పడ్డది 79 శాతం మందికట, దేశం మొత్తం మీద 76. మనం పైనే ఉన్నం అని సంబురపడాల్నా, ఐదుగురిలో ఒకరికి పడలే అని ఏడ్వాల్నా? ఇది 95కి పోవాలంటే ఏం చెయ్యాలో తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

కూకట్‌పల్లి కిరణ్
(రాత్రి 10:10)

అవగాహన లేదండి, అంతే. చదువుకోనివాళ్ళకి ఎన్ని చెప్పినా వాట్సాప్‌లో వచ్చిందే నమ్ముతారు. నన్నడిగితే టీకా కార్డు లేకపోతే స్కూల్లో సీటు ఇవ్వకూడదు, రేషన్ కూడా ఆపెయ్యాలి, దెబ్బకి లైన్లో నిలబడతారు.

పుప్పాలగూడ పవన్

కిరణన్నా నువ్వు పోస్టు సదివినవా? ఆమె రెండుసార్లు పోయిందే. రేషన్ ఎవరిది ఆపాలె మరి?

సూదక్క
(రాత్రి 10:31)

నేను ఏఎన్ఎమ్‌ని (టీకాలేసే నర్సును), సిటీలనే, 17 ఏండ్ల సర్వీసు. పేరు రాస్తలేను, రేపు మీటింగ్‌ల అడుగుతరు 😀

పవన్ తమ్మీ, సీసా సంగతి చెప్త విను. ఆ తొమ్మిది నెలల సూదే ఎమ్మార్, తట్టు, రుబెల్లాకు. దాని సీసాల ఐదుగురికి సరిపోను మందు ఉంటది. అది పొడి, పక్కన నీళ్ళ ఆంప్యూల్ ఉంటది, ఆ నీళ్ళు కలిపినంక 4 గంటలే. ఆ టైం దాటితే మిగిలింది పారెయ్యాలె, రేపటికి దాచుడు ఉండది, దాస్తే ప్రాణం మీదికొస్తది. బీసీజీ (క్షయకు వేసేది) కూడ అట్లనే, దాంట్లైతే 10 డోసులు. పెంటా (ఐదు రోగాలకు ఒక్క సూది), ఐపీవీ (పోలియో సూది) అసొంటివి తెరిచినా చల్లగ మంచిగ ఉంచితే 28 రోజుల దాక వాడుకోవచ్చు, అందుకే పెంటాకు ఎవ్వరిని వెనక్కి పంపరు, ఎమ్మార్‌కే పంపుతరు.

రూల్ ఏమంటదంటే ఒక్క పిల్ల వచ్చినా సీసా తెరవాలె. సీసా పోతే పోయింది, పిల్ల పోవద్దు. రాతల ఇట్ల ఉన్నది. కానీ రివ్యూల కూసున్నప్పుడు ఫస్ట్ అడిగేది ఎన్ని డోసులు వేస్టయినయ్ అని. వాపస్ పోయిన తల్లి ఏ రిజిస్టర్‌లనూ ఉండది కదా, వేస్టయిన డోసు మాత్రం ఎర్ర పెన్నుతోని కనవడ్తది. కొత్తగ వచ్చిన పిల్ల సిస్టర్లు భయపడి "వచ్చే వారం రా" అంటరు. నేను కూడ మొదట్ల అన్న, అబద్ధం చెప్ప.

ఆమెను మళ్ళ తోల్కపో. బుధవారం, శనివారం టీకాల రోజులు. పొద్దుగాల పో, పదిలోపు. "ఒక్క పిల్లకైనా తెరవాలె కదా మేడం" అని నువ్వు మెల్లగ అను, లొల్లి పెట్టకు.

మణికొండ మామ్

సూదక్కా మీరు రాసింది చదివి నా ఒళ్ళు మండింది, మీ మీద కాదు ఆ ఎర్రపెన్ను మీద. అంటే వేస్ట్ తక్కువ చూపించినోళ్ళు మంచి సెంటర్ అన్నమాట.

సూదక్క

అట్లనే అనుకో అమ్మా. ఒకసారి నా సెంటర్‌ల వేస్టేజీ సున్న వచ్చిందని మెచ్చుకున్నరు. ఆ నెల నేనెంతమందిని తిప్పి పంపిన్నో నాకు తెలుసు.

ఇమ్రాన్ యాకుత్‌పురా
(రాత్రి 11:05)

కిరణ్ భాయ్ అవగాహన అవగాహన అంటున్నవ్ కానీ మా దిక్కు సంగతి వేరే. 2017 ఆగస్టుల ఎమ్మార్ కాంపెయిన్ గుర్తుందా, తొమ్మిది నెలల నుంచి పదిహేనేండ్ల లోపు అందరికీ స్కూళ్ళల్ల వేసిండ్రు. అప్పుడు మా గల్లీల వాట్సాప్ ఆడియోలు, పిల్లలు పుట్టకుండ చేసే సూది అని. మా ఖాలా తన పోరగాండ్లను నాలుగు రోజులు స్కూల్‌కే పంపలే. ఎట్ల మారిందో తెలుసా, గవర్నమెంట్ పోస్టర్ చూసి కాదు. జుమ్మా నమాజ్ అయినంక మా మసీదుల ఇమాం సాబ్ మైక్‌ల చెప్పిండు, నా మనవరాలికి నేనే దగ్గరుండి వేయించిన అని. ఒక్క లైన్. సోమవారం ఖాలా పోరగాండ్లు స్కూల్‌ల ఉన్నరు.

ఇంకోటి చెప్పాలె. 2019ల మన సిటీలనే పెంటా వేసినంక జ్వరం గోలి బదులు వేరే నొప్పుల గోలి ఇచ్చిండ్రు, పసిపిల్లలు హాస్పిటల్ పాలైండ్రు, ప్రాణం కూడ పోయింది. సూది తప్పు కాదు, గోలి తప్పు. కానీ మా అమ్మీకి సూదికి గోలికి ఫరక్ ఏం తెలుసు? సెంటర్‌కు పోయి వచ్చినంక బచ్చా పోయింది, అంతే. ఆమెను జాహిల్ అంటే నేనూరుకోను. భయం ఉత్తగనే రాలే. ఇప్పుడు మా దగ్గర సిస్టర్ గోలి పట్టా చూపించి పేరు చదివి ఇస్తది, నేనైతే అది శానా మంచి పని అంట.

నిజం మాట్లాడతా
(రాత్రి 11:20)

అందరూ ఒకే పాట. మా తాతకి ఒక్క టీకా లేదు 88 ఏళ్ళు బతికాడు. ఇప్పుడు పుట్టిన పిల్లకి ఏడాదిలో ఇన్ని సూదులు. కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయిగా, శామీర్‌పేట దాటితే అన్నీ అవే, ఎవరికి లాభమో మీరే ఆలోచించుకోండి.

చిలకలగూడ పిల్లల డాక్టర్
(రాత్రి 11:48)

మీ తాతగారికి ఎంతమంది అన్నదమ్ములు పుట్టారో, ఎంతమంది పెరిగారో ఇంట్లో పెద్దవాళ్ళని ఒకసారి అడగండి. బతికిన తాతలే మనకు మనవళ్ళని ఇస్తారు, పోయినవాళ్ళు ఫోరంలో పోస్టులు పెట్టరు.

కంపెనీల లాభం అన్నారు కాబట్టి చెప్తున్నా. 1997లో మన శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకా ఇక్కడే తయారుచేసి తెచ్చింది. అంతకుముందు బయటినుంచి వచ్చేది, మామూలు ఇంటివాళ్ళు కొనలేని రేటు. ఇక్కడ చేశాక రేటు పడింది, తర్వాత ప్రభుత్వ టీకాల్లోకి వచ్చింది, ఇవాళ పుట్టిన 24 గంటల్లో ఫ్రీగా వేస్తున్నారు. విరేచనాలు రాకుండా వేసే రోటావాక్ చుక్కల మందు భారత్ బయోటెక్‌ది, అదీ మన ఊరిదే. లాభం ఉంటుంది, ఉండదని ఎవరన్నారు. కానీ శామీర్‌పేట అవతల తయారయ్యే మందు పుప్పాలగూడ వాచ్‌మన్ రూం దాకా రాలేదు, నాకు దాని గురించే బాధ.

నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ అందరికీ తెలుసు, పాతవాళ్ళు ఇప్పటికీ కోరంటి అంటారు, క్వారంటైన్ అనే మాట మన నోట్లో పడి అలా అయింది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు అక్కడ కంఠసర్పి (డిఫ్తీరియా) కేసు మొదటిసారి చూశాను. ఏడేళ్ళ పిల్లాడు. నోరు తెరిపిస్తే గొంతులో తెల్లగా కాదు, పాతబడ్డ సున్నం రంగులో పొర, కదిలిస్తే రక్తం. మెడ రెండు పక్కలా ఉబ్బి గడ్డం ఎక్కడుందో తెలియట్లేదు. వాళ్ళమ్మ "టాన్సిల్స్ అన్నారు సార్" అంటోంది. కార్డు తీసి చూస్తే ఏడాదిలోపు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) మూడూ పడ్డాయి, ఏడాదిన్నర బూస్టర్ లేదు, ఐదేళ్ళ బూస్టర్ లేదు. అక్కడితో ఆపేస్తే ఆ రక్షణ మెల్లగా తగ్గిపోతుంది. పిల్లాడు బతికాడు. పక్క బెడ్డు గురించి రాయలేను.

కాబట్టి పవన్ గారూ, మీ 79 శాతంలో ఒక మెలిక ఉంది. ఆ లెక్క బీసీజీ, పోలియో, పెంటా, తట్టు టీకా మొదటి డోసు దాకానే. ఆ తర్వాత 16 నుంచి 24 నెలల మధ్య ఎమ్మార్ రెండోది, డీపీటీ బూస్టర్, ఐదేళ్ళకి ఇంకో బూస్టర్, పదేళ్ళకి పదహారేళ్ళకి టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా). చాలామంది తల్లులు తొమ్మిది నెలలకే "అయిపోయాయి" అనుకుంటారు.

నిజం మాట్లాడతా

సరే డాక్టర్ గారు, మీ పిల్లలకి అన్నీ వేయించారా?

చిలకలగూడ పిల్లల డాక్టర్

వేయించాను. పెద్దాడికి టీడీ మాత్రం మూడు నెలలు లేటయింది, మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అంబర్‌పేట శ్రీను
(ఆదివారం ఉదయం 7:15)

టీకాల మాటొస్తే మా అంబర్‌పేట మురికినీళ్ళ ముచ్చట యాది చెయ్యకపోతే ఎట్ల. 2016 జూన్ల మా దగ్గర డ్రైనేజీ నీళ్ళల్ల పోలియో వైరస్ దొరికింది అని టీవీల ఒకటే గోల. ఎవ్వరికీ పోలియో రాలే, నీళ్ళల్లనే దొరికింది, అది కూడ చుక్కల మందుల నుంచి మారిన టైప్ 2 అట. దేశానికి 2014 మార్చిల పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చి రెండేండ్లే అయింది అప్పటికి. వారం రోజులల్ల హైదరాబాద్, రంగారెడ్డి కలిపి 3 లక్షల దాక పిల్లలకు చేతి మీద చర్మంల చిన్న సూది వేసిండ్రు. మా గల్లీల స్కూల్ల టేబులేసుకొని, ఎండల, ఆశాలు ఇల్లిల్లు తిరిగి పిల్లల్ని గుంజుకొచ్చిండ్రు. నేను చెప్పేదేందంటే మనకు చెయ్యొస్తది. వారంల 3 లక్షలు చేసినోళ్ళకు బుధవారం ఒక్క సీసా తెరుసుడు రాదా?

రిటైర్డ్ మాష్టారు
(ఉదయం 8:40)

నాయనలారా, నాకు 71 ఏళ్ళు. నా ఎడమ దండ మీద రూపాయి బిళ్ళంత టీకా మచ్చ ఉంది, మసూచిది. మా ఊళ్ళో టీకాలవాళ్ళొస్తున్నారంటే మా నాయనమ్మ మమ్మల్ని గడ్డివాము వెనక దాచేది, అమ్మవారికి కోపం వస్తుందని. చివరికి ఆ టీకాలాయన ఏం చేశాడంటే మా నాయనమ్మని ఏమీ అనకుండా, ముందు పోచమ్మ గుడి దగ్గరికి పోయి బోనం పెట్టి వచ్చాడు. ఆ మధ్యాహ్నం నాయనమ్మే మమ్మల్ని చెవి పట్టుకుని తెచ్చింది. 1975 తర్వాత మన దేశంలో మసూచి లేదు. ఇమ్రాన్ చెప్పిన ఇమాం సాబు, మా ఊరి పోచమ్మ, రెండూ ఒకటే సంగతి నాకు.

కిరణ్ బాబూ, రేషన్ ఆపితే ఆ పిల్ల రెండిటికీ దూరమవుతుంది.

కూకట్‌పల్లి కిరణ్

మాష్టారూ ఒప్పుకుంటున్నా, రేషన్ మాట వెనక్కి తీసుకున్నా. స్కూల్ అడ్మిషన్‌లో కార్డు అడగటం మాత్రం మంచిదే అంటాను, సీటు ఆపటానికి కాదు, ఐదేళ్ళ బూస్టర్ పడిందా లేదా చూడటానికి. డాక్టర్ గారు చెప్పిన కేసు విన్నాక మా అబ్బాయి ఫైలు తీశా, వాడికీ లేదు. ఆరేళ్ళు నిండబోతున్నాయి. సిగ్గుగా ఉంది.

బట్టీల బడి టీచర్
(ఉదయం 10:02)

నేను సంగారెడ్డి వైపు ఇటుక బట్టీల దగ్గర పిల్లలకు పాఠాలు చెప్తాను. ఇక్కడి లెక్క మీ సిటీ లెక్క కాదు. ఒడిశా బలాంగీర్ నుంచి నవంబర్, డిసెంబర్ల కుటుంబాలు దిగుతాయి, వానలకు ముందు వెళ్ళిపోతాయి. పుట్టినప్పుడు బీసీజీ అక్కడ, పెంటా ఒకటి అక్కడ, రెండోది పడాల్సిన టైంకు రైల్లో ఉంటారు. కార్డు ఒడియాలో ఉంటుంది, లేదా ఊళ్ళో అత్త దగ్గర ఉంటుంది. ఇక్కడ ఓటరు లిస్టులో లేరు, అంగన్‌వాడీ లిస్టులో లేరు, సర్వే చేసేవాళ్ళు ఊరి ఇండ్లు లెక్కపెడతారు, బట్టీ ఊరికి అవతల కదా. ఎవరూ వద్దనలేదు. ఎవరి లిస్టులోనూ లేరు, అంతే.

ఇప్పుడు యు-విన్‌ల (ప్రభుత్వ టీకాల ఆన్‌లైన్ రికార్డు) ఎంటర్ చేస్తే ఎక్కడేసినా కనిపిస్తుంది, అది పెద్ద మేలు. కానీ అది ఫోన్ నంబర్ మీద నడుస్తుంది. బట్టీల ఒక్కో ఇంట్లో ఒక్కటే ఫోన్, అది భర్త దగ్గర, సీజన్‌కో సిమ్ము. నేను ఒక పని చేస్తున్నా, పిల్లల కార్డులన్నీ నా ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటున్నా, మొత్తం 43 ఉన్నాయి ఈ సీజన్‌కి. వెళ్ళేటప్పుడు కార్డు ప్లాస్టిక్ కవర్‌ల పెట్టి బియ్యం డబ్బాలో వెయ్యమని చెప్తా. బియ్యం డబ్బా ఎవరూ మర్చిపోరు.

సూదక్క

టీచరమ్మా ఆ బియ్యం డబ్బా మాటకు దండం పెడ్త. రేపే మా ఆశాలకు చెప్త.

మణికొండ మామ్
(ఉదయం 11:30)

ఒకటి ఎవరూ అనలేదు. పెంటా పడిన రాత్రి. మా పాపకి తొడ గట్టిగా గడ్డ కట్టి, జ్వరం, తెల్లారేదాకా ఏడుపు. నాకు ఆఫీసులో లీవ్ ఉంది, భుజాన వేసుకుని తిరిగా. వాచ్‌మన్ పాపకీ అలాగే అయితే వాళ్ళమ్మ పొద్దున్నే లేచి మూడిళ్ళ అంట్లు తోమాలి. అత్త "మళ్ళీ సూది వేయిస్తే చూడు" అంటుంది. తర్వాతి డోసు ఎగిరిపోయేది ఇక్కడే అని నా డౌటు. జ్వరం వస్తుందని ముందే చెప్పి, ఎంత మందు వెయ్యాలో చూపించి పంపితే సగం భయం తగ్గుతుంది.

చిలకలగూడ పిల్లల డాక్టర్

కరెక్టు. నిజానికి టీకా వేశాక నాలుగు మాటలు చెప్పాలి: ఏ టీకా వేశాం, ఏం అవ్వొచ్చు, మళ్ళీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త. అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. రద్దీలో మొదట ఎగిరిపోయేది ఈ మాటలే. గడ్డ మీద తడిగుడ్డ చాలు, రుద్దొద్దు, ఐస్ పెట్టొద్దు, పసుపు సున్నం పూయొద్దు.

అంబర్‌పేట శ్రీను

పైసల ముచ్చట కూడ ఒకటి. 2017ల వచ్చిన కేసీఆర్ కిట్టు స్కీంల, సర్కారు దవాఖానల పురుడైతే, మగపిల్లగానికి 12 వేలు, ఆడపిల్లకు 13 వేలు, నాలుగు సార్లుగ ఇస్తుండె. మూడున్నర నెలల టీకాలు అయితే 2 వేలు, తొమ్మిది నెలలది అయితే 3 వేలు. మా చెల్లె ఆ తారీకులు నోటికి చెప్పేది. తొమ్మిది నెలలతోటి ఆఖరి కిస్తీ అయిపాయె. డాక్టర్ సాబ్ చెప్పిన ఏడాదిన్నర బూస్టర్‌కు ఏం లేదు. ఆ ఆఖరి 3 వేలల్ల వెయ్యి ఆపి 16 నెలలకు పెడితే ఎట్లుంటది అని నా పిచ్చి ఆలోచన.

సూదక్క

పిచ్చిది కాదు తమ్మీ. కానీ పైసలు టైంకు పడాలె, లేకుంటే తిట్లు మాకే.

నా లిస్టు అడుగుతే రెండే చెప్త. వారంల ఒకరోజు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాక సెంటర్ తెరవాలె, కూలోళ్ళు అప్పుడే ఖాళీ. డబ్బాల నాలుగు ఐస్ ప్యాకులు పెట్టుకొని నేనే అడ్డా మీదికి, సైటు కాడికి పోత, నాకు ఓటీ లేకున్నా పర్వలేదు కానీ పొద్దుగాల ఎనిమిదికి హాజరు వెయ్యమనకుండ్రి. రెండోది, రివ్యూల వేస్టేజీ కన్న ముందు "వాపస్ పోయినోళ్ళు ఎంతమంది" అని అడగాలె. దానికో గడి రిజిస్టర్‌ల గీస్తే సాలు.

నిజం మాట్లాడతా
(ఆదివారం మధ్యాహ్నం)

మా అమ్మని అడిగాను. తాతతో కలిపి తొమ్మిదిమందట. నలుగురు పెరిగారట. ఇద్దరు ఒకే వారంలో తట్టుకి పోయారట, ఒకరికి ధనుర్వాతం, మిగతావాళ్ళకి ఏమైందో ఎవరికీ తెలీదట. నాకు కంపెనీల మీద నమ్మకం ఇంకా లేదు. ఇది మాత్రం చెప్పాలనిపించింది.

రిటైర్డ్ మాష్టారు

చెప్పావు, చాలు నాయనా.

పుప్పాలగూడ పవన్
(తర్వాతి శనివారం మధ్యాహ్నం 1:20)

అప్‌డేట్. బుధవారం నాకు ఆఫీసు ఉండె, ఇయాల పోయినం. శుక్రవారం రాత్రి వాచ్‌మన్ని తీస్కొని పక్కన కడ్తున్న టవర్ల కాడ రేకుల షెడ్లకు పోయిన, "తొమ్మిది నెలలు దాటినోళ్ళు ఎవరన్న ఉన్నరా" అంటే ముగ్గురు దొరికిండ్రు, ఇద్దరు జార్ఖండ్, ఒకరు శ్రీకాకుళం. మా వంటామె మనవడు నాలుగోడు. వాచ్‌మన్ పాపతోటి ఐదుగురు, అంటే ఒక సీసా కరెక్టుగ. ఒక్కరున్నా తెరవాలన్నది నిజమే గానీ సూదక్క లొల్లి పెట్టొద్దన్నది కదా.

పది గంటలకు పోయినం. సిస్టర్ ఏం మాట్లాడలే, సీసా మీద ఉన్న, మందు వేడికి చెడిందా లేదా చెప్పే చిన్న గుండ్రం గుర్తు ఒకసారి లైట్‌ల చూసింది, నీళ్ళు కలిపింది, సీసా లేబుల్ మీద పెన్నుతోటి 10:20 అని టైం రాసింది. కుడి దండకు. మా పాప అయితే బిల్డింగ్ లేచిపొయ్యేటట్టు ఏడుస్తది, ఈ పిల్ల ఒక్కసారి 'ఆ' అని అమ్మ కొంగు నోట్ల పెట్టుకున్నది. విటమిన్ ఎ చెంచా తాగించిండ్రు, అది మాత్రం ఉమ్మింది. తొమ్మిది నెలలకు పడాల్సిన మిగిలినయ్ కూడ కార్డు చూసి ఇయ్యాలనే వేసిండ్రు, మొదటినుంచి మళ్ళ మొదలుపెట్టే పని లేదట.

శ్రీకాకుళం వాళ్ళ కార్డు ఊర్ల ఉన్నది, కొత్త కార్డు రాసిచ్చిండ్రు. జార్ఖండ్ పిల్లగాడు ఒకడికి 11 నెలలు, పెంటా ఒక్కటే పడింది, వానికి రెండోది వేసి నెల తర్వాత రమ్మన్నరు. నెల తర్వాత వాళ్ళు ఈ సైటుల ఉంటరో లేదో వాళ్ళ మేస్త్రీకే తెల్వదు. మేస్త్రీ నంబర్ తీస్కున్న.

సూదక్క

మేస్త్రీ నంబర్‌తోపాటు వాళ్ళ ఊరి పేరు, పిల్లగాని పుట్టిన తారీకు కూడ రాసి పెట్టుకో తమ్మీ, సిమ్ము మారుస్తరు. వాచ్‌మన్ పాపకు రెండో ఎమ్మార్ 16 నెలలు నిండినంక, దాంతోనే డీపీటీ బూస్టర్, పోలియో చుక్కలు.

పుప్పాలగూడ పవన్

డేట్ నా ఫోన్‌ల పెట్టిన అక్కా. వాచ్‌మన్ భార్య నా ఫోన్‌ను నమ్మలే, గేటు రూం గోడ మీద, మీటర్ బోర్డు కింద బొగ్గుతోటి రాసుకున్నది. కార్డు బియ్యం డబ్బాల పెట్టింది.

కూకట్‌పల్లి కిరణ్

మా వాడికి కూడా ఈ రోజే బూస్టర్ వేయించానండి, మన వీధి చివర సెంటర్లోనే. జ్వరం 100 ఉంది, పారాసెటమాల్ పోశాం. గేటెడ్ కమ్యూనిటీ గ్రూపులో కార్డులు చూసుకోమని మెసేజ్ పెడితే ఇప్పటికి 11 మంది "మాకూ లేదు" అన్నారు. అందరూ ఇంజనీర్లే.